మనసు వైద్యం ఊరి గడప దాకా రావాలి

రైతు ఆత్మహత్య చేసుకున్నాక తహసీల్దారు వస్తారు, ఎస్సై వస్తారు, వ్యవసాయాధికారి వస్తారు. పట్టాదారు పుస్తకం ఉందా, అప్పు పత్రాలున్నాయా అని అడిగి రాసుకుని పోతారు. అదే మనిషి బతికుండగా నిద్రపట్టక, అన్నం సహించక, ఎవరితోనూ మాట్లాడక నెలల తరబడి కుమిలిపోతుంటే ఆ గడప తొక్కే అధికారి ఒక్కరూ ఉండరు.

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల్లోనే 2022లో వ్యవసాయంపై బతికేవారు 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో 5,207 మంది రైతులు, 6,083 మంది వ్యవసాయ కూలీలు. కాగితం లేని కౌలు రైతును రైతుగా గుర్తించడమే గగనం.

మనోవైద్యం మాట ఎత్తగానే మన కార్యకర్తల్లో కొందరికి ఒక అనుమానం. గిట్టుబాటు ధర ఇవ్వని సర్కారు, రైతుకు మనోధైర్యం లేదని చెప్పి తప్పును రైతు మీదికే నెడుతుందేమోనని. ఆ అనుమానం ఊరికే రాలేదు. ధర కోసం, రుణ విముక్తి కోసం, కౌలు కార్డు కోసం మన పోరాటం ఒక్క అడుగు కూడా వెనక్కి తగ్గదు. కానీ ఆ ఫలితం అందుకోవడానికి మనిషి మిగలాలి కదా. కుంగుబాటు పిరికితనం కాదు, బీపీ, షుగర్ లాంటి జబ్బే. అప్పు దానికి కారణం కావచ్చు. అంతమాత్రాన జబ్బుకు వైద్యం వద్దనలేం.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచీ ఉంది. అయితే కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని, 'పిచ్చాసుపత్రికి వెళ్లాడు' అన్న మాట పడి జిల్లా కేంద్రానికి వెళ్లే రైతు ఎవరు? ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైంది. డాక్టరు 104 వాహనంలో నెలకు రెండుసార్లు ఊరికి రావాలి, మంచం పట్టిన వారిని ఇంటికెళ్లి చూడాలి అన్నది దాని పద్ధతి. ప్రభుత్వాలు మారినా ఈ పద్ధతి నిలవాలి. ఆ డాక్టరు పక్కన మనసు సంగతి అడిగే సైకాలజిస్టు కూడా ఉండాలి. మందు అవసరమైతే డాక్టరు రాస్తారు. ఇంట్లో కూర్చుని, భార్యాబిడ్డల ఎదుట కాకుండా విడిగా మాట్లాడించి, గుండెలోని బరువు దింపే పని సైకాలజిస్టుది.

అంతమంది సైకాలజిస్టులు ఎక్కడున్నారంటారా? మహారాష్ట్రలోని అమరావతి జిల్లాలో 30 గ్రామాల్లో 'విశ్రామ్' అనే కార్యక్రమం స్థానికులకే శిక్షణ ఇచ్చి ఈ పని చేయించింది. ఏడాదిన్నరలో, కుంగుబాటు ఉన్నవారిలో సాయం కోరినవారు నూటికి నలుగురి నుంచి 27 మందికి పెరిగారు. విదర్భ పత్తి రైతుకు సాధ్యమైంది మన రైతుకు ఎందుకు సాధ్యం కాదు?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ వైద్యాన్ని హక్కుగా ఇచ్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారని భావించాలని, వారికి వైద్యం, పునరావాసం చూడాల్సింది ప్రభుత్వమేనని కూడా ఆ చట్టం చెబుతోంది. కాబట్టి మనం అడిగేది దయ కాదు.

మన డిమాండ్లు ఇవి:

1. ప్రతి మండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ ఒక సైకాలజిస్టును నియమించాలి. ఊరికి వచ్చే రోజులు ముందే ప్రకటించాలి.
2. ఆత్మహత్య జరిగిన కుటుంబానికి కనీసం ఏడాదిపాటు ఇంటి వద్దే ఈ సేవ అందాలి.
3. ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇవ్వాలి. అదనపు పనికి అదనపు వేతనం ఇవ్వాలి.
4. రోగి చెప్పిన సంగతి ఊళ్లో పొక్కకూడదు. బ్యాంకు చెవిన అసలే పడకూడదు.

మన వంతు కూడా ఉంది. పంట పోయినవారి ఇంటికి, అప్పులవాళ్ల మాటలు పడ్డవారి ఇంటికి గ్రామ కమిటీ సభ్యులు వెళ్లి పలకరించాలి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో చేతికందే చోట లేకుండా తాళం వేయించాలి. టెలీమానస్ నంబరు 14416 ఉచితం. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ప్రతి రచ్చబండ గోడ మీదా రాయిద్దాం. ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ డిమాండ్లపై తీర్మానాలు చేసి తహసీల్దారుకూ, మండల వైద్యాధికారికీ అందజేద్దాం.