మేతజొన్న విత్తనమునకు ఆకును చూడుడు

మేతజొన్న యనగానే మనవారు ఎత్తును చూతురు. మనిషిని మించి పెరిగిన పైరును చూచి మురిసి, దాని కంకులనే విత్తనమునకు దాచుదురు. ఈ పద్ధతి సరికాదని నా యభిప్రాయము. పశువు మొదట ఆకును మేయును. ముదురు మొదళ్లను గాడిలో విడిచిపెట్టును. మాంసకృత్తులు ఆకునందు హెచ్చు, కాండమునందు తక్కువ. ఎత్తు పెరిగినకొలది బరువులో కాండమే హెచ్చును గాన, బండి నిండినను పశువునకు చేరు సత్తువ ఆ మేరకు పెరుగదు.

ఆకు విస్తారముగా నుండుట యొక గుర్తు. ఆకు నడిమి ఈనె మరియొకటి. ఇది మరింత సులభము. ఈనె తెల్లగా నున్న మొక్క దంటు బెండుగా నుండును. మసకపచ్చగా నున్నచో దంటున రసముండును. ఒక్క జన్యువు వలన కలుగు గుణమిది. 1916లో హిల్సన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని గూర్చి వ్రాసెను. ఆ జన్యువేదియో 2018లో తేలినది. బెండుగుణము పైకి వచ్చునది, రసగుణము అణగియుండునది. ఇందు రైతునకు గొప్ప సౌకర్యము కలదు. మసకయీనె మొక్క కంకికి పూయకమునుపే కాగితపు సంచి తొడిగినచో దాని సంతతియంతయు మసకయీనెదే యగును. సంచి తొడుగనిచో, మరుసటి యేట తెల్లయీనె కనబడిన మొక్కకు పరాయి పుప్పొడి తగిలినదని యెరిగి పీకివేయవచ్చును. రసమున్నదెల్ల తీపి కాదు సుమా. తీపి వేరు గుణము, నమలియే తెలిసికొనవలెను.

కంకి పండునాటికి ఆకులెండి గుర్తులు మాయును. కావున కంకి వెడలునపుడే చేనిలో తిరిగి, ఎన్నుకొన్న మొక్కలకు దారము కట్టవలెను.

హైదరాబాదు చొప్ప బేరగాండ్రు మేత మంచిచెడ్డలను చక్కగా నెరుగుదురు. 2006లో ప్రకటితమైన యొక పరిశోధన ప్రకారము, జీర్ణమగు భాగము నూటికి 47 గల చొప్పకంటె 52 గల చొప్పకు ధర నాలుగవవంతు హెచ్చుగా పలికినది. మనము మాత్రము విత్తనము కొనునపుడు ఎకరమునకెంత మేత వచ్చునని యొక్క ప్రశ్నతో ఊరకుందుము. ఆకు పాలెంత, ఈనె యెట్టిదని సంఘము తరపున అడుగవలెను. జవాబు లేని విత్తనమును కొనరాదు. మోపు బరువు తగ్గునేమో యని కొందరు శంకింతురు. తగ్గవచ్చును, కొని తెచ్చు తెలగపిండియు కొంత తగ్గును గదా!

ఒక్క హెచ్చరిక. జొన్న లేతాకున విషము కలదు. కోసిన మోళ్ల పిలకలను, బెట్టకు వాడిన లేతపైరును మేసి పశువులు నాము తగిలి కూలుట మనమెరుగనిది కాదు. ఆకు దట్టముగా నున్నదని తొందరపడి కోయరాదు. పూతకు వచ్చిన పిమ్మటనే కోయుడు.