చేనిలో మోగే గొట్టం ఇంటికి రావద్దు



మన ఆర్మూరు చుట్టుపక్కల మక్క, ఎర్రజొన్న వేసిన రైతుకు కోతుల బాధ, అడవిపందుల బాధ ఎంతటిదో మాకు తెలుసు. ఆ బాధ పడలేకనే కొందరు ప్లాస్టిక్ పైపుతో కార్బైడ్ తుపాకీ చేసి చేనిలో మోగిస్తున్నారు. వారిని మేము తప్పుపట్టడం లేదు. ఆ గొట్టం ఇంటికి చేరి పిల్లల చేతిలో ఆటవస్తువు కావడమే మా భయం.

2025 అక్టోబరులో దీపావళికి మధ్యప్రదేశ్‌లోని భోపాల్, విదిశ, గ్వాలియర్ ప్రాంతాల్లో ఇవే తుపాకులు నూటయాభై, రెండు వందల రూపాయలకు అమ్ముడుపోయాయి. కొద్ది రోజుల్లోనే వందమందికి పైగా కంటి గాయాలతో ఆసుపత్రుల్లో చేరారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. కొందరికి చూపు పోయింది.

ఎందుకిలా జరుగుతుంది? కార్బైడ్‌కు నీరు తగిలితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. వెల్డింగ్ దుకాణంలో ఇనుమును కరిగించే వాయువు ఇదే. వెనుక మిగిలేది సున్నం. గొట్టం ఒక్కోసారి వెంటనే పేలదు. ఏమైందోనని పిల్లవాడు గొట్టంలోకి తొంగి చూస్తాడు. సరిగ్గా అప్పుడే పేలితే మంట, కార్బైడ్ ముక్కలు, సున్నం అన్నీ కలిసి ముఖాన కొడతాయి. సున్నం కంటిని పైపైన కాల్చి ఆగదు, లోపలికి దిగుతూనే ఉంటుంది. నల్లగుడ్డు మీది స్వచ్ఛమైన పొర తెల్లబడిపోతుంది.

అలా జరిగితే క్షణం ఆలస్యం చేయకండి. కంటి చుట్టూ ఉన్న పొడిని మెత్తని గుడ్డతో తుడిచి, రెప్పలు తెరిచి పట్టుకొని, మంచినీళ్ళు ధారగా పోస్తూ కనీసం అరగంట కడగండి. నలపనివ్వవద్దు. చనుబాలు, నెయ్యి, ఇంట్లో మిగిలిన చుక్కలమందు వేయవద్దు. కడిగిన వెంటనే కంటి వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. రేపు చూద్దాంలే అనుకుంటే ఆ రేపటికి చూపు మిగలకపోవచ్చు.

"టపాకాయల కంటే చవక కదా" అని కొందరంటారు. టపాకాయ ఒకసారి కాలి అయిపోతుంది. ఈ గొట్టాన్ని మాత్రం పిల్లవాడు పదేపదే నింపుతాడు, ప్రతిసారీ ముఖం దగ్గర పెట్టుకుంటాడు. పైగా అది ఎవరి చేతిపనో, ఎంత ఒత్తిడికి పగులుతుందో చేసినవానికే తెలియదు.

కనుక మా మాట ఇది. దుకాణదారులు పిల్లలకు కార్బైడ్ అమ్మవద్దు. రైతులు మిగిలిన కార్బైడ్‌ను తడి తగలని డబ్బాలో, పిల్లలకు అందనిచోట తాళం వేసి ఉంచాలి. పండుగ ఏదైనా, పెండ్లి ఏదైనా, ఈ గొట్టం వాకిట్లో మోగకూడదు. కోతుల బెడద రైతు ఒక్కడి మీద వదిలేసేది కాదు. ఊరంతా కూర్చుని పంచాయతీని, అటవీశాఖను అడగాలి.

కోతులు తిన్న మక్క వచ్చే పంటకు మళ్ళీ వస్తుంది. పోయిన కన్ను ఏ పంటకూ రాదు.