మన సంచి మనమే మోద్దాం!

సెలవులొచ్చాయంటే చాలు, బస్టాండుల్లో ఒక దృశ్యం తప్పనిసరి. ఇంటాయన చేతిలో సెల్‌ఫోను, పిల్లల చేతుల్లో చిప్స్ పొట్లాలు. ఇక ఆవిడ... కుడిచేతిలో సూట్‌కేసు, ఎడమచేతిలో టిఫిన్ల బుట్ట, భుజాన హ్యాండ్‌బ్యాగు, చంకలో దుప్పటి. ఇంత మోస్తూ కూడా "ఇంకా ఏమైనా మర్చిపోయామా?" అన్న దిగులు! అందరు మగవాళ్లూ అలా ఉంటారని అననుగానీ, ఈ బొమ్మ చూడని వాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

మాది నరసరావుపేట. మా వీధి ఆడవాళ్లం నలుగురైదుగురం కొన్నేళ్లుగా ఏడాదికి రెండు మూడుసార్లు వీపున సంచి తగిలించుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగొస్తున్నాం. "ఈ వయసులో స్కూలు పిల్లల్లా ఆ బ్యాగులేంటి?" అన్నవాళ్లున్నారు. అననివ్వండి. నాకు తెలిసొచ్చింది ఒక్కటే. మన ప్రయాణాలు ఆగిపోవడానికి డబ్బులూ, తీరికా ఎంత కారణమో, మన సామాను బరువూ అంతే కారణం.

ఒకసారి మా పక్కింటావిడ మూడు రోజుల ప్రయాణానికి సర్దిన సామానును సరదాకి వీధి చివర కిరాణాకొట్టు కాటా మీద పెట్టించాం. పద్నాలుగు కిలోలు! విప్పి విడివిడిగా తూచాం. ఖాళీ సూట్‌కేసే నాలుగు కిలోలు. భర్తవి, పిల్లలవి బట్టలు నాలుగున్నర. పులిహోర, చక్రాలు, పచ్చడి సీసాలు, స్టీలు డబ్బాలు రెండున్నర. ఆవిడ సొంత బట్టలు, మందులు, దువ్వెన అన్నీ కలిపినా మూడు కిలోలు! అంటే మోసేది పద్నాలుగు, తనది మూడు. మిగతాదంతా ఇల్లు. మనం ఊరెళ్లడం లేదండీ, ఇంటిని ఎత్తుకుని వెళ్తున్నాం.

దీనివల్ల నష్టం నడుము నొప్పితో, మోకాళ్ల నొప్పితో పోతే బాగానే ఉండేది. మాకు తెలిసిన ఒక పెద్దావిడ ఉంది, అరవై దాటాయి. తిరగాలని ఎంతో ఆశ. చుట్టాలు ఎక్కడికి బయల్దేరినా "పిన్నీ, నువ్వు రావచ్చుగానీ నీ సామాను ఎవరు మోస్తారు?" అంటారట. నవ్వుతూ అనే మాటే. కానీ అలా నాలుగుసార్లు విన్నాక ఆవిడ అడగడమే మానేసింది. తన సామాను తను మోసుకోగలిగిన మనిషిని ఎవరూ ఆ మాట అనలేరు. ఎప్పుడు బయల్దేరాలో, ఏ బస్సు ఎక్కాలో తనే అనుకోగలదు. ఇంకొకరి చెయ్యి కావలసినవాళ్లు ఆ చెయ్యి ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిందే.

ఇప్పుడు ఈ మాట చెప్పడానికి ఇంకో కారణమూ ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. తెలంగాణలో 2023 డిసెంబరులోనే మొదలైంది. "చార్జీలకు డబ్బులెక్కడివి?" అన్న అడ్డు చాలావరకు తొలగిపోయింది. కానీ ఆ కిటకిటలాడే బస్సులో పద్నాలుగు కిలోల సూట్‌కేసుతో ఎక్కడం ఎవరి తరం? దారి తెరుచుకుంది, ఇక తేలికపడాల్సింది మనమే.

ఎంత బరువు?

పిల్లల బడిసంచి వాళ్ల బరువులో పదో వంతు దాటకూడదని 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ చెబుతోంది. ఎదిగే ఎముకలకు పెట్టిన ఆ లెక్కే అరిగే ఎముకలకూ పెట్టుకుందాం. మీరు 55 కిలోలుంటే మీ సంచి ఐదున్నర కిలోలు దాటకూడదు. సాధ్యమేనా అంటారా? మా లెక్క చూడండి. ఖాళీ సంచి కిలో లోపు. రెండు జతల బట్టలు కిలో. పల్చటి దుప్పటి, తువ్వాలు కలిపి అర కిలో. సబ్బు, పేస్టు, మందులు అర కిలో. లీటరు నీళ్లు ఒక కిలో. అటుకులు, వేయించిన శనగలు, వేరుశనగ ఉండలు అర కిలో. టార్చి, చార్జరు, కార్డులు, న్యాప్‌కిన్లు ఇంకో అర కిలో. మొత్తం ఐదు!

బట్టల విషయంలో మా సూత్రం ఇదీ: ఒకటి ఒంటి మీద, ఒకటి సంచిలో, ఒకటి తీగ మీద. రాత్రి ఉతికి ఆరేస్తే తెల్లారేసరికి ఆరిపోయే బట్ట ఉండాలి. మందపాటి నూలు చీర, జీన్సు ప్యాంటు తడిస్తే ఒక పట్టాన ఆరవు. చీరే కట్టుకుంటామంటే నిక్షేపంగా కట్టుకోండి, పల్చటి వాయిల్, జార్జెట్ లాంటివి తీసుకోండి. పట్టుచీర మాత్రం బీరువాలోనే ఉండనివ్వండి, జలపాతానికి దాంతో పనిలేదు. టర్కీ తువ్వాలు బదులు మన పల్చటి నూలు తువ్వాలు సగం బరువుకే వస్తుంది, గంటలో ఆరుతుంది. చున్నీ ఎండకు గొడుగు, బస్సులో దిండు, చలికి శాలువా!

తగ్గించకూడనివి కూడా ఉన్నాయి. బీపీ, షుగరు మాత్రలు వెళ్లే రోజులకన్నా రెండు రోజులకు ఎక్కువే ఉండాలి. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు. నెలసరి తేదీ దగ్గర్లో లేకపోయినా న్యాప్‌కిన్లు, వాడినవి చుట్టి తెచ్చుకోవడానికి కాగితం, ఒక కవరు. నీళ్లు. చెప్పులో బూట్లో ఏవైనా ఇప్పటికే కాలికి అలవాటు పడ్డవే వేసుకోండి. కొత్తవి వేసుకుని కొండెక్కితే బొబ్బలే మిగులుతాయి.

కొనడం కన్నా మానడం మేలు

ఇప్పుడు బజార్లో 'అల్ట్రా లైట్' అంటూ వేలకు వేలు పోసే సంచులు, టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు వస్తున్నాయి. మంచివే కావచ్చు. కానీ సత్రాలు, లాడ్జీలు ఉన్న మన పల్నాడులో టెంటుతో పనేముంది? అభయారణ్యంలో అనుమతి లేకుండా రాత్రి ఉండనివ్వరు కూడా. డబ్బు పెట్టాల్సింది సంచి మీద ఒక్కటే. భుజాల పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉండాలి. నడుముకు బిగించుకునే బెల్టు ఉంటే బరువు భుజాల మీంచి తుంటి మీదికి దిగుతుంది. ముప్పై, ముప్పై అయిదు లీటర్ల సంచి చాలు. అంతకన్నా పెద్దది కొంటే నింపకుండా ఉండలేం, మన సంగతి మనకు తెలీదూ! బరువైన వస్తువులు వీపుకు ఆనుకునేలా సర్దుకోవాలి. కొట్లోనే వస్తువులు వేయించి, తగిలించుకుని నాలుగడుగులు వేసి చూడండి. మొహమాటపడకండి.

అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ ఉండేది. పదకొండు మంది పిల్లల తల్లి. భర్త చేతిలో ఎన్నో ఏళ్లు దెబ్బలు తిన్న మనిషి. 1955లో, 67 ఏళ్ల వయసులో, మూడు వేల కిలోమీటర్లు దాటిన అప్పలాచియన్ కొండదారిని మొదటి నుంచి చివరిదాకా ఒంటరిగా నడిచింది. ఒక ఏడాదిలో ఆ దారి మొత్తం ఒంటరిగా నడిచిన మొదటి మహిళ ఆవిడే. వెంట ఉన్నదేమిటి? తన చేత్తో కుట్టుకున్న గుడ్డ సంచి, కాళ్లకు క్యాన్వాస్ బూట్లు, వానకు కప్పుకోవడానికి స్నానాలగది ప్లాస్టిక్ తెర! మన తెలుగు యాత్రా సాహిత్యంలో గొప్పగా చెప్పుకునే ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి కాశీయాత్రకు పల్లకీలు, బోయీలు, పరివారంతో కదిలారు. పల్లకీ మోసేవాళ్లున్నవాళ్లకు బరువు గురించి దిగులెందుకు? మనకు బోయీలు లేరు. మనకు ఎమ్మా దారే దారి.

ఎక్కడికి?

సిమ్లా, ఊటీలే చూడదగ్గవని ఎందుకనుకోవాలి? 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడింది, నరసరావుపేట ముఖ్యపట్టణమైంది. కానీ మన జిల్లాను మనలో ఎంతమందిమి చూశాం? మొదటిసారి సంచి తగిలించుకునేవాళ్లు కోటప్పకొండతో మొదలెట్టండి. ఘాట్ రోడ్డు ఉన్నా మెట్లదారిన ఎక్కండి. మీ సంచిలో ఏది అనవసరమో సగం కొండ ఎక్కేసరికి మోకాళ్లే చెబుతాయి. అక్కడి గొల్లభామ కథ తెలుసుగా! రోజూ కొండెక్కి స్వామికి సేవ చేసే ఆనందవల్లి నిండు చూలాలై ఇక ఎక్కలేనంటే, "నీ వెంట నేనే వస్తాను, వెనక్కి మాత్రం చూడకు" అన్నాడట శివుడు. ఆవిడ చూసింది, ఆయన అక్కడే ఆగిపోయాడు. ఆ కథ విన్నప్పుడల్లా నాకు మనమే గుర్తొస్తాం. గ్యాసు కట్టామా, పాలు తోడేశామా అని వెనక్కి చూస్తూనే ఉంటాం కదూ!

రెండోది, మాచర్ల వైపు రెండు రోజులు. మాచర్ల చెన్నకేశవస్వామి గుడి, డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకే ఎత్తిపోతల, అనుపు, నాగార్జునకొండ. ఎత్తిపోతల దగ్గర మొసళ్ల పెంపక కేంద్రం ఉంది, నీళ్లలోకి దిగే సాహసం వద్దు. వానాకాలం తర్వాత వెళ్తేనే దాని అందం. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. విజయపురి సౌత్ నుంచి లాంచీ నడుస్తోందో లేదో ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి. ఇక్కడ ఆడవాళ్లం గర్వంగా చూడాల్సింది ఒకటుంది. మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల కాలంలో ఇక్కడి మహాచైత్యానికి దాత చాంతిసిరి. బోధిసిరి అనే ఉపాసిక ఇంకో చైత్యం కట్టించింది. రాజవంశపు స్త్రీలు, మామూలు ఉపాసికలు తమ పేర్లు రాళ్ల మీద చెక్కించుకున్న చోటు ఇది. సాగర్ డ్యామ్ నీళ్లలో మునిగిపోకముందే 1954 నుంచి 1960 వరకు తవ్వి, కట్టడాలను కొండ మీదికీ, అనుపుకీ తరలించారు.

మూడోది కారంపూడి. నాగులేరు ఒడ్డున వీరుల గుడి. నాయకురాలు నాగమ్మ మంత్రిగా శాసించిన పల్నాటి కథంతా ఆ నేలదే. కార్తీకంలో ఐదు రోజుల వీరారాధన ఉత్సవాలు చూడాలంటే రద్దీకి సిద్ధపడి వెళ్లాలి, ప్రశాంతంగా చూడాలంటే మరో నెలలో వెళ్లాలి. పిడుగురాళ్ల దగ్గర గుత్తికొండ బిలం కూడా ఉంది. లోపల చీకటి, ఉక్క. టార్చి లేకుండా, తోడు లేకుండా వద్దు.

చోటు ఏదైనా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. చివరి బస్సు ఎన్నింటికి? నీళ్లు దొరుకుతాయా? నీడ ఉందా? మరుగుదొడ్డి ఉందా? ఎండాకాలం మాత్రం వద్దు. రాష్ట్రంలో ఎండలనగానే ముందు వినబడే పేరు మన రెంటచింతలే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి.

"కానీ..." అంటారా?

"ఇల్లెవరు చూస్తారు?" ఇంట్లో ఉన్నవాళ్లే చూస్తారు. రెండు రోజులు అన్నం వండుకోవడం వస్తే వాళ్లకే మంచిది. "భద్రత మాటేమిటి?" భయం ఉత్తదని నేననను. పగటిపూటే ప్రయాణం, నలుగురు తోడు, చీకటిపడేలోగా బసకు చేరడం, ఇంట్లో ఎవరికైనా దారి వివరాలు చెప్పడం, 112 నంబరు గుర్తుండటం... ఇవన్నీ మేం పాటిస్తాం. చేతులు ఖాళీగా ఉన్న మనిషి చప్పున కదలగలదు, బస్సు ఎక్కగలదు, చోటు నచ్చకపోతే లేచి వెళ్లిపోగలదు. రెండు చేతుల్లో సామాను ఉన్న మనిషికి అది కుదరదు.

మరుగుదొడ్ల సంగతి మాత్రం మన ఒక్కరి చేతిలో లేదు. అవి ఉండవనే భయంతోనే దారి పొడవునా నీళ్లు తాగకుండా గొంతెండగట్టుకుని, తిరిగొచ్చాక మూత్రంలో మంట అంటూ డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాళ్లు మనలో తక్కువా? ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన ప్రభుత్వం చూడదగ్గ ప్రతి చోటా, ప్రతి బస్టాండులో తలుపు, గడియ, నీళ్లు ఉన్న మరుగుదొడ్డి, సామాను దాచుకునే గది కూడా చూపించాలి. వెళ్లిన ప్రతి చోటా మనం అడుగుదాం. అడిగేవాళ్లు కనబడకపోతే కట్టేవాళ్లు ఎందుకు కడతారు?

ఈసారి ప్రయాణం అనుకోగానే ఒక పని చెయ్యండి. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని సంచులు గుమ్మం దగ్గర పెట్టండి. ఎవరి బట్టలు వాళ్లే సర్దుకోవాలి, ఎవరి సంచి వాళ్లే మోయాలి. ఏడేళ్ల పిల్లాడైనా తన చొక్కా, నిక్కరు తను మోసుకోగలడు. ఇంటాయన షేవింగ్ సెట్టు మర్చిపోతే... పోనివ్వండి, ఒక్కరోజు గడ్డంతో ఉంటే కొంప మునిగిపోదు. మీరు మాత్రం మీ ఐదు కిలోలకే జవాబుదారీ. ఏమంటారు?