ఫోన్లో కులం కనబడదట! (హాస్టల్ నుంచి ఉద్యోగం దాకా – 9)

పోయిన భాగం చదివి ఒక పెద్దమనిషి నాకు ఫోన్ చేశాడు. "అన్నిట్లోనూ కులమేనా మీకు? ఇప్పుడు మొదటి రౌండ్ ఇంటర్వ్యూలు ఫోన్లోనే కదా. మొహం కనబడదు, బట్టలు కనబడవు. ఇంక కులం ఎక్కడ కనబడుద్ది?" అన్నాడు. అని ఊరుకున్నాడా? "ఇంతకీ మీది ఏ ఊరు? ఊళ్ళో ఎటువైపు?" అని అడిగాడు.

అట్లా కనబడుద్ది సార్.

అసలు ఫోన్ మోగాలంటే ముందు ఎవడో ఒకడు పేరు చదవాలి. సుఖదేవ్ తోరట్, పాల్ ఎటివెల్ 2007లో ఒక అధ్యయనం అచ్చేశారు. ఇంగ్లీషు పేపర్లలో పడ్డ ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం చదువున్న దరఖాస్తులు పంపారు. మార్చింది పేర్లే. సవర్ణ పేరుకు పిలుపు వచ్చే అవకాశాన్ని 1 అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33. మెరిట్ గురించి మాట్లాడేవాళ్ళు ముందు ఈ లెక్కకు జవాబు చెప్పాలి. అదే ఏడాది అచ్చయిన ఇంకో అధ్యయనం కోసం సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతపు కంపెనీల ఎచ్చార్‌లతో మాట్లాడారు. మేం కులం చూడం అన్నవాళ్ళే, అభ్యర్థి "కుటుంబ నేపథ్యం" మాత్రం ముఖ్యమన్నారు.

ఆ నేపథ్యం మనకెట్లా తగులుద్దో చెప్తా. మా హాస్టల్లో చదివిన చెల్లెలు, బీటెక్. వాళ్ళ పల్లెలో సిగ్నల్ వాటర్ ట్యాంక్ దగ్గరే వస్తది. అక్కడ నిలబడి మాట్లాడింది. ప్రాజెక్టు గురించి బాగా చెప్పింది. తర్వాత "నాన్నగారు ఏం చేస్తారు?" కూలి అనలేక వ్యవసాయం అంది. "ఎన్నెకరాలు?" నోరు పెగల్లేదు. మళ్ళీ ఫోన్ రాలేదు. ఉద్యోగం పోయినందుకు కాదు ఆ పిల్ల ఏడ్చింది, నాన్నను దాచినందుకు.

అమీర్‌పేటలో డబ్బు గుంజే సాఫ్ట్ స్కిల్స్ వాళ్ళు దీనికి మందు యాస మార్చుకోవడం అంటారు. యాసకేం రోగం? అవతలివాడికి అర్థమయ్యేట్టు నిదానంగా, స్పష్టంగా చెప్తే చాలు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నాన్న గురించి జవాబు ముందే తయారుగా ఉండాలి. "కూలి చేస్తారు సార్. ఆ కూలితోనే చదివించారు. ఈ పనికి పనికొచ్చే నా ప్రాజెక్టు గురించి చెప్పమంటారా?" గొంతు వణక్కుండా వచ్చేదాకా పైకే అనండి. హఠాత్తుగా ఫోన్ వస్తే గోలలో నిలబడి మాట్లాడక్కర్లేదు, "బయట ఉన్నాను, నాలుగింటికి చేయగలరా?" అని అడగొచ్చు. రెజ్యూమే, ఉద్యోగ ప్రకటన రెండూ కాగితం మీద ఎదురుగా పెట్టుకోండి. తలూపితే ఫోన్లో వినబడదు, నోటితో అనాలి. వినబడకపోతే మళ్ళీ చెప్పమనండి. తిరిగి అడిగితే తిట్లు పడ్డ బడులు మనవి, అందుకే ఇది మనకు అందరికంటే కష్టం. చేసినవాళ్ళ పేరు, టైము, అడిగిన ప్రశ్నలు వెంటనే రాసిపెట్టుకోండి. నేర్చుకోడానికీ అదే, రేపు నిలదీయడానికీ అదే.

మన కామ్రేడ్లు కొందరు ఇదంతా కెరీరిజం అంటున్నారు. రాజ్యాంగం 16వ అధికరణలోని రిజర్వేషన్ ప్రైవేటు గేటు దగ్గరే ఆగిపోయింది. ఆ గేటు బద్దలు కొట్టే పోరాటం చేస్తూనే ఉందాం, కానీ ఈలోపు ఇంటికి జీతం ఎవరు తెస్తారు? అప్పుచేసి చదివించిన అమ్మకు ఏం చెప్పమంటారు?

ఈ ఆదివారం నుంచి ప్రాక్టీసు. నంబరు పంపినవాళ్ళకు తెలియని నంబర్ నుంచి, చెప్పకుండా ఫోన్ వస్తది. ట్యాంక్ దగ్గర ఏడ్చిన ఆ చెల్లెలు కూడా చేస్తానంది, అచ్చం ఎచ్చార్ లాగా. తన మొదటి ప్రశ్న "ఎన్నెకరాలు?" అట.