పదునాలుగవ దినపు లెక్క

మొహరము మాసమున నెల్లూరు స్వర్ణాల చెరువులో జరుగు రొట్టెల పండుగను మన సోదరీమణు లెరుగుదురు. బారాషహీద్ దర్గా చెంత నీటిలో నిలిచి, కోర్కె ననుసరించి రొట్టెలు మార్చుకొందురు. అందు సంతానపు రొట్టె యొకటి. ఆ రొట్టెకై చేయి చాచు స్త్రీల నమ్మకమును మేము తప్పుపట్టము. కాని వారిలో ఋతుక్రమము సరిగా లేనివారికి ఒక సంగతి తెలియజేయుట మా విధి.

ముట్టయిన పదునాలుగవ దినమున అండము వెలువడునని ఇరుగుపొరుగువారు చెప్పుచుందురు. 28 దినములకు తప్పక ముట్టగువారికి ఇది ఇంచుమించుగా సరిపోవును, తక్కినవారికి చెల్లదు. జపానులో ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ అను వైద్యులు 1920 తరువాతి దశాబ్దమున వేరువేరుగా కనుగొన్న దేమనగా, ఈ దినమును గడచిన ముట్టునుండి గాక, రాబోవు ముట్టునుండి వెనుకకు లెక్కింపవలెను. అండము వెలువడిన సుమారు రెండు వారములకు ముట్టగును. ఆ గడువు కొద్దిదినములు మాత్రమే అటునిటగును. హెచ్చుగా మారునది దానికి ముందుభాగము.

ఒకామెకు ఒకసారి 26 దినములకు, మరుసారి 40 దినములకు ముట్టయిన దనుకొందము. అండము మొదట 12వ దినప్రాంతమునను, పిదప 26వ దినప్రాంతమునను వెలువడియుండును. పదునాలుగవ దినమునే నమ్ముకొన్నచో రెండవ మాసము వ్యర్థమే. అండమున కాయువు ఒక దినమునకు మించదు. పురుషబీజము మాత్రము అయిదు దినములవరకు నిలువగలదు.

రాబోవు ముట్టు ఎప్పుడో తెలియనివా రేమి చేయవలెను? అండము వెలువడుటకు ముందు తెల్లసొనవలె సాగు స్రావము కనబడును. అదియే మంచి గురుతు. ఒంటివేడి పెరుగుట పిమ్మట గాని తెలియదు. మందులషాపులలో అమ్ము మూత్రపరీక్ష పట్టీలు అండకోశములలో నీటిబుడగలు గలవారిని ఒక్కొక్కప్పుడు మోసగించును. ఈ లెక్కల చిక్కు లేకుండ, రెండు మూడు దినముల కొకసారి దాంపత్యము నెరపుట సులభోపాయము.

అండము వెలువడకయే రక్తస్రావ మగుటయు గలదు. థైరాయిడు దోషము, బరువు విపరీతముగా హెచ్చుట, తగ్గుట మున్నగునవి కారణములు. వీనిలో పెక్కింటికి చికిత్స గలదు. కావున ముట్లు తప్పుచున్నవారు ఏడాది వేచియుండ నక్కరలేదు. గొడ్రాలను మాట అత్తవారినోట రాకమునుపే భర్తకును పరీక్ష చేయింపవలెను. లోప మాతనియం దుండుట అరుదు కాదు.

బిడ్డలు వద్దని దినములు లెక్కించుకొనువారికి, క్రమము తప్పినచో ఆ లెక్క రక్షణ కాజాలదు. ఎవరైనను ముట్టయిన తేదీలను క్యాలెండరుమీద గుర్తించుచుండుడు. వైద్యురాలు మొదట అడుగునది వానినే.