గంటన్నర లెక్క

ముంబై నుంచి హైదరాబాద్‌కు గాలిదారిన దాదాపు 620 కిలోమీటర్లు. విమానం గంటన్నరలో దింపుతుంది. రైలు దారి ఇంచుమించు 790 కిలోమీటర్లు, చాలా రైళ్లకు దాదాపు 14 గంటలు. ఈ గంటన్నర లెక్క నమ్మి నేనేం పోగొట్టుకున్ననో చెప్తా.

పోయిన చలికాలం సిరిసిల్లలో మా పెద్దక్క కాలం చేసింది. పొద్దుగాల 5 గంటలకు ఫోన్ వచ్చింది. "విమానంల వస్తున్న, గంటన్నరే" అన్న. సరే మామా, ఆగుతం అన్నడు మేనల్లుడు.

భివండిలో 6కు ఇల్లు కదిలితే విమానాశ్రయం చేరేసరికి 8 దాటింది. దొరికిన టికెట్టు 10:30ది. శంషాబాద్‌ల దిగేసరికి 12. జూబ్లీ బస్ స్టేషన్‌కు వచ్చేసరికి 2. సిరిసిల్లలో బస్సు దిగేసరికి చీకటి పడింది. పొద్దుగూకక ముందే దహనం అయిపోయింది. వాళ్ల తప్పేం లేదు. మధ్యాహ్నం దాకా చూసిన్రు, ఇంకా చూసిన్రు. గంటన్నర అన్నది నేనే.

గాలిలో ఉన్నది గంటన్నర. దారిలో ఉన్నది 12 గంటలు.

అన్నలారా, అక్కలారా, ఆపదకు పోయేటప్పుడు టికెట్టు మీది టైము చెప్పకండి. మన గడప నుంచి వాళ్ల గడప దాకా లెక్కగట్టండి. విమానాశ్రయానికి పోయే టైము, అక్కడ రెండు గంటలు ముందుండేది, దిగినంక బస్సు, అన్నీ కూడండి. వీలైతే శంషాబాద్‌కే కారు రమ్మనండి.

"రాత్రయితది, తెల్లారేదాక ఆగున్రి" అని ఆ పొద్దు ఒక్క మాట అని ఉంటే, అక్క ముఖం చూసేటోణ్ణి.