రాతిపిండికి ఎవరి ఆజ్ఞ?

శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. కరీంనగర్‌లో గ్రానైట్ కోసే మిషన్ల కింద పారే బూడిదరంగు నీళ్ళు ఒక చుక్క తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టండి. అందులోని అతి సన్నటి రాతిపిండి ఒక్క క్షణం కుదురుగా ఉండదు. అటు జరుగుతుంది, ఉలికిపడ్డట్టు వెనక్కి మళ్ళుతుంది. రాయిలోనూ ప్రాణముందని ఉపన్యాసం దంచడానికి ఒక బాబాకు ఇది చాలు.

ఆ అనుమానం వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్‌కూ వచ్చింది. 1827లో పుప్పొడిలోని నలుసులు నీళ్ళలో ఆడుతుంటే జీవలక్షణమేమో అనుకున్నాడు. అయితే అక్కడే కొబ్బరికాయ కొట్టి కూర్చోలేదు. వందేళ్ళ కిందట ఎండిన మొక్కలను చూశాడు. గాజు, లోహాలు, రాళ్ళు నూరి చూశాడు. ఈజిప్టు స్ఫింక్స్ ముక్కనూ వదల్లేదు. అన్నీ ఆడాయి. ప్రాణం ముచ్చట అంతటితో సరి.

అసలు కారణాన్ని 1905లో ఐన్‌స్టీన్ లెక్కగట్టాడు, కొన్నేళ్ళకే భౌతికశాస్త్రవేత్త పెరాన్ కొలిచి చూపాడు. నీటి అణువులు నలుసును అన్ని వైపుల నుంచీ గుద్దుతుంటాయి. కుడి దెబ్బలూ ఎడమ దెబ్బలూ సగటున సమానమే గానీ ఏ క్షణానికా క్షణం సరిపోవు. ఆ మిగులే నలుసును తోస్తుంది. గులకరాయికి తగిలే దెబ్బలు లెక్కలేనన్ని, తేడాలు ఒకదాంట్లో ఒకటి కొట్టుకుపోతాయి. ప్రతి దెబ్బకూ కారణముంది, కొట్టించేవాడే లేడు. (గుళ్ళో ఎండపొడలో తేలే దుమ్మును చూసి ఇదే అనుకోకండి, దాన్ని ఊపేది ఎక్కువగా గాలి.)

చిన్న లెక్కలో ఊగిసలాట ఎక్కువ. ఊళ్ళకూ ఇదే వర్తిస్తుంది. ఏడాదికి సగటున నలుగురు చనిపోయే వాడలో ఒక ఏడు ఇద్దరు, మరో ఏడు ఏడుగురు పోవడం వింతేం కాదు. నాలుగు వేల మంది చనిపోయే చోట మాత్రం సగటుకు అటూ ఇటూ మామూలుగా 60 దాకానే తేడా. ఏడుగురు పోయిన ఏడే పాత కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో 'ఎవరు చేసిన్రు?' అన్న ప్రశ్న లేస్తుంది, బాణామతి (చేతబడి) పేరు బయటికొస్తుంది. ఇద్దరే పోయిన ఏడు ఎవరూ ఎవరికీ దండం పెట్టరు. ఇలాంటి అనుమానం ఎంతదాకా పోతుందంటే, 2022 జనవరిలో జగిత్యాల టీఆర్‌నగర్‌లో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు.

మరణాలన్నీ ఇలా యాదృచ్ఛికమేనా? కాదు. ఒకే బోరు నీళ్ళు తాగినవాళ్ళే వరుసగా మంచాన పడితే అది లెక్కల ఊగిసలాట కాదు. అప్పుడు సీసాలో నీళ్ళు పట్టి ల్యాబుకు పంపాలి.